పీహెచ్‌పీ అర్రే ఫంక్షన్లు ఎలా వాడాలి: పాల కేంద్రం లెక్కలతో

వెబ్‌సైట్ల కోసం వాడే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో అర్రేల (ఒకే పేరు కింద చాలా విలువలు దాచుకునే పట్టికల) కోసం రెడీమేడ్‌గా ఇచ్చిన ఫంక్షన్లు డెబ్బైకి పైనే ఉన్నాయి. అన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు. రోజూ చేతికి వచ్చేవి పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. అయితే ఆ కొన్నింటిలో ఏది కీలను (ఒక్కో విలువకూ ఉండే గుర్తింపు పేర్లను లేదా నంబర్లను) ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుందో, ఏది చెరిపేసి మళ్లీ సున్నా నుంచి నంబర్లు వేస్తుందో తెలిసి ఉండాలి. ఇది తెలియకపోతే వచ్చే తప్పులు చాలా ఇబ్బంది పెడతాయి. స్క్రీన్ మీద ఎర్రర్ ఏమీ కనిపించదు, పేజీ చక్కగా తెరుచుకుంటుంది, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే ప్రతి ఫంక్షన్ దగ్గరా కీలు ఏమయ్యాయో చూసుకుంటూ వెళ్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. ఫంక్షన్ల పేర్లు, ఎకో, ఫోర్‌ఈచ్ లాంటి పీహెచ్‌పీ మాటలు ఇక్కడ మనం పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కోడ్‌లో టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, అండర్‌స్కోర్ ఉన్నచోట అండర్‌స్కోర్‌తో రాయాలి. డాలర్ గుర్తుతో మొదలయ్యే వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు.

ముందు డేటా చూద్దాం

ఊళ్లో ఒక పాల సేకరణ కేంద్రం ఉందనుకోండి. రైతులు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. ప్రతి రైతుకీ ఒక కోడ్ ఉంటుంది. పోసిన ప్రతిసారీ లీటర్లు, ఫ్యాట్ నమోదు చేస్తారు. ఒక రోజు నమోదులు ఇవి:

```
$నమోదులు = [
  ['కోడ్' => '012', 'పూట' => 'ఉదయం',    'లీటర్లు' => 4.5, 'ఫ్యాట్' => 6.2],
  ['కోడ్' => '7',   'పూట' => 'ఉదయం',    'లీటర్లు' => 0,   'ఫ్యాట్' => 0],
  ['కోడ్' => '115', 'పూట' => 'ఉదయం',    'లీటర్లు' => 6,   'ఫ్యాట్' => 4.1],
  ['కోడ్' => '012', 'పూట' => 'సాయంత్రం', 'లీటర్లు' => 3.5, 'ఫ్యాట్' => 6.4],
  ['కోడ్' => '115', 'పూట' => 'సాయంత్రం', 'లీటర్లు' => 5,   'ఫ్యాట్' => 4.0],
];
```

012 వాళ్లవి గేదె పాలు, 115 వాళ్లవి ఆవు పాలు. ఫ్యాట్ చూస్తేనే తెలిసిపోతుంది. 7వ కోడ్ రైతు ఆ పూట పాలు తేలేదు, రిజిస్టర్‌లో సున్నా వేశారు. కోడ్‌లు స్ట్రింగ్‌లుగా (కోట్‌ల మధ్య రాసిన అక్షరాలుగా) ఉన్నాయి, ఎందుకంటే 012లో ముందున్న సున్నా పోకూడదు. ఈ కేంద్రంలో 12 అని ఇంకో రైతు కూడా ఉన్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీంతో పని పడుతుంది.

పీహెచ్‌పీలో లిస్టుకీ, కీ-విలువ జంటలకీ వేర్వేరు రకాలు లేవు. రెండూ అర్రేనే. పై అర్రేకి మనం కీలు ఇవ్వలేదు కాబట్టి పీహెచ్‌పీ 0 నుంచి 4 వరకు తనే వేసుకుంది. లోపలి ఒక్కో వరుసకి మాత్రం కోడ్, పూట లాంటి కీలు మనమే ఇచ్చాం. కీ అనేది పూర్ణాంకం గానీ స్ట్రింగ్ గానీ అయి ఉండాలి, మూడో రకం ఉండదు.

అర్రేలో ఏముందో చూసుకోవడానికి వార్_డంప్ వాడండి. చాలామంది ప్రింట్_ఆర్ వాడతారు. అది చూడటానికి శుభ్రంగానే ఉంటుంది కానీ 7 అనేది అంకెనా, స్ట్రింగా అనేది చెప్పదు. వార్_డంప్ రకంతో సహా చూపిస్తుంది.

ఒక కాలమ్ తీసి కూడటం

రోజు మొత్తం ఎన్ని లీటర్లు వచ్చాయి? లూప్ రాయక్కర్లేదు.

```
$లీటర్లు = అర్రే_కాలమ్($నమోదులు, 'లీటర్లు');
ఎకో అర్రే_సమ్($లీటర్లు);
```

మొదటి లైన్ 4.5, 0, 6, 3.5, 5 అనే లిస్టు ఇస్తుంది. రెండోది 19 చూపిస్తుంది. అర్రే_కాలమ్ 2013లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచీ ఉంది. డేటాబేస్ నుంచి తెచ్చిన వరుసల మీద దీనంత పనికొచ్చే ఫంక్షన్ ఇంకోటి లేదని నా అభిప్రాయం.

దీనికి మూడో ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కి బ్రాకెట్లలో ఇచ్చే విలువ) కూడా ఇవ్వొచ్చు. ఏ కాలమ్‌ని కీగా పెట్టాలో దాంతో చెప్తాం. రైతు కోడ్‌ని కీగా పెడితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది:

```
$రైతువారీ = అర్రే_కాలమ్($నమోదులు, 'లీటర్లు', 'కోడ్');
```

వచ్చిన అర్రేని కూడి చూడండి. 19 రాదు, 8.5 వస్తుంది. ఏమైందంటే, 012 కోడ్ రెండుసార్లు ఉంది. రెండోసారి వచ్చిన 3.5 మొదటిసారి ఉన్న 4.5 మీద కూర్చుంది. 115కీ అదే గతి పట్టింది. పొద్దున పోసిన పది లీటర్లన్నర లెక్కలోంచి పోయాయి, పీహెచ్‌పీ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే కాలమ్‌లో ఒక్క విలువ కూడా రెండోసారి రాదని గ్యారంటీ ఉంటేనే ఇవ్వండి. డేటాబేస్ టేబుల్‌లో ప్రైమరీ కీ అయితే సరే. ఇలా రోజుకి రెండు పూటలు వచ్చే కోడ్ అయితే వద్దు.

ఇక్కడ ఫోర్‌ఈచ్ వాడటమే మంచిది:

```
$మొత్తాలు = [];
ఫోర్‌ఈచ్ ($నమోదులు యాజ్ $వరుస) {
  $క = $వరుస['కోడ్'];
  $మొత్తాలు[$క] = ($మొత్తాలు[$క] ?? 0) + $వరుస['లీటర్లు'];
}
```

012కి 8, 7కి 0, 115కి 11 వస్తాయి. కూడితే 19. ఇదే పనిని అర్రే_రెడ్యూస్‌తోనూ చేయొచ్చు. కానీ ఆరు నెలల తర్వాత ఆ కోడ్ తెరిచినప్పుడు ఫోర్‌ఈచ్ ఒక్క చూపులో అర్థమవుతుంది, రెడ్యూస్ దగ్గర ఆగి ఆలోచించాల్సి వస్తుంది. రెడీమేడ్ ఫంక్షన్ ఉంది కదా అని ప్రతిచోటా అదే వాడాలని పట్టు పట్టకండి.

అంకెలా కనిపించే కీలు

ఇప్పుడు $మొత్తాలుని వార్_డంప్ చేయండి. '012' అనే కీ కోట్‌ల మధ్య స్ట్రింగ్‌గానే ఉంది. మిగతా రెండూ చూడండి: 7, 115 రెండూ పూర్ణాంకాలుగా మారిపోయాయి. మనం ఇచ్చింది స్ట్రింగే కదా!

పీహెచ్‌పీ రూల్ ఇది. స్ట్రింగ్ అచ్చం ఒక పూర్ణాంకంలా ఉంటే, అంటే ముందు సున్నా, ప్లస్ గుర్తు, దశాంశ చుక్క, ఖాళీ ఇవేమీ లేకుండా ఉంటే, కీగా పెట్టేటప్పుడు దాన్ని పూర్ణాంకంగా మార్చేస్తుంది. '115' మారుతుంది, '012' మారదు. ఒకే అర్రేలో కొన్ని కోడ్‌లు ఒక రకం, కొన్ని ఇంకో రకం అయిపోతాయన్నమాట. తర్వాత లూప్‌లో కీని '115'తో మూడు ఈక్వల్ గుర్తులు పెట్టి పోల్చారనుకోండి, ఎప్పటికీ సరిపోలదు. ఎందుకంటే ఇటు ఉన్నది స్ట్రింగ్, అటు ఉన్నది అంకె.

అసలు దెబ్బ రెండు అర్రేలను కలిపేటప్పుడు తగులుతుంది. మర్నాటి మొత్తాలు 012కి 7.5, 7కి 2, 115కి 10.5 అనుకోండి. అర్రే_మెర్జ్‌తో కలిపితే ఏమొస్తుందో చూడండి:

```
అర్రే_మెర్జ్($మొత్తాలు, $మర్నాడు);
// '012' => 7.5,  0 => 0,  1 => 11,  2 => 2,  3 => 10.5
```

అర్రే_మెర్జ్‌కి రెండు పద్ధతులున్నాయి. కీ స్ట్రింగ్ అయితే తర్వాతి అర్రేలోని విలువ ముందుదాన్ని తీసేసి కూర్చుంటుంది. కీ పూర్ణాంకం అయితే దాన్ని పారేసి, 0 నుంచి కొత్త నంబర్లు వేస్తూ అన్నిటినీ వరసగా చేరుస్తుంది. అందుకే 012కి మొదటి రోజు లెక్క పోయింది. 7, 115 కోడ్‌లు ఎవరివో కూడా తెలియకుండా పోయాయి. ఒకే అర్రేలో రెండు రకాల నష్టం.

మరి ప్లస్ గుర్తుతో కలిపితే? $మొత్తాలు + $మర్నాడు అంటే కూడిక కాదు. కీ ముందు అర్రేలో ఉంటే ముందుదే ఉంచుతుంది, లేకపోతేనే రెండోదాంట్లోంచి తెచ్చుకుంటుంది. కీలకు కొత్త నంబర్లు వేయదు, అది మంచిదే. కానీ మన లెక్కలో మర్నాటి పాలు మొత్తం పోతాయి. తర్వాతిదే నిలవాలి, కీలు చెదరకూడదు అనుకుంటే అర్రే_రిప్లేస్ ఉంది. లీటర్లు నిజంగా కూడాలంటే మాత్రం పైన రాసిన ఫోర్‌ఈచ్‌నే రెండు రోజుల నమోదుల మీదా తిప్పాలి.

నా సలహా ఒకటే. రైతు కోడ్, హాల్ టికెట్ నంబర్, పిన్‌కోడ్, ఫోన్ నంబర్ లాంటివి కీలుగా పెట్టాల్సి వస్తే ముందు ఒక అక్షరం తగిలించండి. 'ర115', 'ర012' అని పెడితే అన్నీ స్ట్రింగ్‌లుగానే ఉంటాయి, అర్రే_మెర్జ్ లాంటివి వాటికి నంబర్లు మార్చవు.

వడపోత

పాలు నిజంగా పోసిన నమోదులే కావాలి.

```
$పోసినవి = అర్రే_ఫిల్టర్($నమోదులు, ఎఫ్‌ఎన్($వ) => $వ['లీటర్లు'] > 0);
```

ఎఫ్‌ఎన్‌తో రాసే ఈ చిన్న ఫంక్షన్లు 7.4 వెర్షన్ నుంచి ఉన్నాయి. ఫలితంలో నాలుగు వరుసలుంటాయి. కీలు మాత్రం 0, 2, 3, 4. మధ్యలో 1 లేదు. అర్రే_ఫిల్టర్ విలువలను తీసేస్తుంది కానీ మిగిలిన వాటి కీలను ముట్టుకోదు.

పీహెచ్‌పీ లోపల దీంతో ఏ ఇబ్బందీ ఉండదు, ఫోర్‌ఈచ్ చక్కగా తిరుగుతుంది. ఆ అర్రేని జేసన్_ఎన్‌కోడ్‌తో జేసన్‌గా (బ్రౌజర్ చదవగలిగే టెక్స్ట్ రూపంగా) మార్చి బ్రౌజర్‌కి పంపినప్పుడు మొదలవుతుంది టెన్షన్. కీలు 0 నుంచి వరసగా ఉంటే జేసన్‌లో చదరపు బ్రాకెట్ల లిస్టు వస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే మీసాల బ్రాకెట్ల ఆబ్జెక్ట్ వస్తుంది. అటువైపు జావాస్క్రిప్ట్ లిస్టు అనుకుని మ్యాప్ చేయబోయి, మ్యాప్ అనేది ఫంక్షనే కాదంటూ ఆగిపోతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, అందరూ పాలు పోసిన రోజు ఏ వరుసా తీసేయాల్సిన అవసరం రాదు కాబట్టి అంతా బాగానే పని చేస్తుంది. ఎవరో ఒకరు రాని రోజునే పేజీ ఆగుతుంది. నిన్న పనిచేసింది ఇవాళ ఎందుకు చేయట్లేదని కోడ్‌లో వెతికితే ఏమీ దొరకదు.

మందు చిన్నదే:

```
$పోసినవి = అర్రే_వాల్యూస్($పోసినవి);
```

ఇది కీలన్నీ పక్కన పెట్టి 0 నుంచి మళ్లీ నంబర్లు వేస్తుంది. బ్రౌజర్‌కి లిస్టుగా వెళ్లాల్సిన ప్రతి అర్రేకీ, పంపే ముందు ఒకసారి అర్రే_వాల్యూస్ తగిలించడం అలవాటు చేసుకోండి. 8.1 వెర్షన్ నుంచి అర్రే_ఇజ్_లిస్ట్ అనే ఫంక్షన్ కూడా ఉంది. కీలు 0 నుంచి వరసగా ఉన్నాయో లేదో అది నిజం, అబద్ధం రూపంలో చెప్తుంది. టెస్టుల్లో పెట్టుకోవడానికి బాగుంటుంది.

పనిలో పని, జేసన్‌లో తెలుగు గురించి కూడా. మామూలుగా జేసన్_ఎన్‌కోడ్ చేస్తే 'ఉదయం' అనే మాట వెనక్కి వాలిన గీత, యూ, నాలుగంకెల కోడ్‌ల వరసగా మారుతుంది. బ్రౌజర్‌కి అది సరిగ్గానే అర్థమవుతుంది. కానీ లాగ్ ఫైల్‌లో మనం చదవలేం, సైజు కూడా పెరుగుతుంది. రెండో ఆర్గ్యుమెంట్‌గా జేసన్_అన్‌ఎస్కేప్డ్_యూనికోడ్ అనే కాన్‌స్టంట్ (ఇది పెద్ద అక్షరాల్లో రాయాలి) ఇస్తే తెలుగు తెలుగుగానే ఉంటుంది.

అర్రే_ఫిల్టర్‌ని కాల్‌బ్యాక్ (పైన ఎఫ్‌ఎన్‌తో రాసి ఇచ్చిన చిన్న ఫంక్షన్) ఇవ్వకుండా కూడా పిలవొచ్చు. ఖాళీ విలువలు తీసేయడానికి చాలామంది అలా వాడతారు. జాగ్రత్త: పీహెచ్‌పీ దృష్టిలో ఖాళీ స్ట్రింగ్, నల్, ఫాల్స్, ఖాళీ అర్రేతో పాటు 0 కూడా ఖాళీయే, '0' అనే స్ట్రింగ్ కూడా ఖాళీయే. సున్నా లీటర్లు అని కావాలని రాసిన నమోదు, సున్నా మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, సున్నా బాకీ ఉన్న ఖాతా అన్నీ ఎగిరిపోతాయి. రాయనిదాన్నే తీసేయాలంటే $వ !== నల్ అని కాల్‌బ్యాక్‌లో స్పష్టంగా రాయండి.

మ్యాప్, సగటు లెక్క

అర్రే_మ్యాప్ ప్రతి విలువ మీదా ఒకే పని చేసి కొత్త అర్రే ఇస్తుంది. ఆర్గ్యుమెంట్ల వరస దగ్గర అందరూ తడబడతారు. ఫిల్టర్‌కి అర్రే ముందు, కాల్‌బ్యాక్ తర్వాత. మ్యాప్‌కి కాల్‌బ్యాక్ ముందు, అర్రే తర్వాత. మ్యాప్ ఒకటికి మించి అర్రేలను తీసుకోగలదు, అవన్నీ చివర వరసగా రావాలి కాబట్టి కాల్‌బ్యాక్ ముందుకొచ్చిందని గుర్తుపెట్టుకుంటే తడబాటు పోతుంది.

ఆ రెండు అర్రేల సంగతి మన లెక్కకి బాగా పనికొస్తుంది. ట్యాంకర్‌లో కలిసిన పాల సగటు ఫ్యాట్ ఎంత? ఫ్యాట్ కాలమ్ మొత్తం కూడి 5తో భాగిస్తే 4.14 వస్తుంది. పాలు తేని రైతు సున్నా కూడా కలిసింది కాబట్టి అది తప్పు. ఆ వరుస తీసేసి 4తో భాగిస్తే 5.18 వస్తుంది. అదీ తప్పే. మూడున్నర లీటర్ల గేదె పాలకీ ఆరు లీటర్ల ఆవు పాలకీ ఒకే బరువు ఇచ్చాం కదా. లీటర్లతో గుణించి కూడాలి:

```
$ఫ్యాట్లు = అర్రే_కాలమ్($నమోదులు, 'ఫ్యాట్');
$లబ్ధాలు = అర్రే_మ్యాప్(ఎఫ్‌ఎన్($ల, $ఫ) => $ల * $ఫ, $లీటర్లు, $ఫ్యాట్లు);
$సగటు = అర్రే_సమ్($లబ్ధాలు) / అర్రే_సమ్($లీటర్లు);
```

27.9, 0, 24.6, 22.4, 20 కలిపి 94.9. దాన్ని 19తో భాగిస్తే 4.99. పాలకు రేటు కట్టేదే ఫ్యాట్‌ని బట్టి. 4.99కీ 5.18కీ మధ్య తేడా రైతు చేతికొచ్చే డబ్బులో కనిపిస్తుంది. సున్నా లీటర్ల వరుస ఇక్కడ అడ్డు రాలేదని కూడా గమనించండి, దాని లబ్ధం సున్నాయే. అయితే ఆ రోజు ఎవరూ పాలు పోయకపోతే సున్నాతో భాగించాల్సి వచ్చి స్క్రిప్ట్ ఆగుతుంది, ముందే చూసుకోండి. మ్యాక్స్, మిన్ కూడా అంతే. 8.0 నుంచి వాటికి ఖాళీ అర్రే ఇస్తే వాల్యూఎర్రర్ విసురుతాయి.

కీల విషయం: ఒక్క అర్రే ఇస్తే అర్రే_మ్యాప్ కీలు అలాగే ఉంచుతుంది. రెండు మూడు ఇస్తే కీలు పోయి 0 నుంచి నంబర్లు వస్తాయి.

వెతకడం

012, 12 ఇద్దరూ వేర్వేరు రైతులని ముందే చెప్పాను. ఇవాళ 12 వచ్చారా అని అడుగుదాం:

```
$వచ్చినవాళ్లు = అర్రే_కాలమ్($నమోదులు, 'కోడ్');
ఇన్_అర్రే('12', $వచ్చినవాళ్లు); // నిజం అంటుంది!
ఇన్_అర్రే('12', $వచ్చినవాళ్లు, ట్రూ); // అబద్ధం
```

ఇన్_అర్రే మామూలుగా రెండు ఈక్వల్ గుర్తుల పోలికే వాడుతుంది. రెండువైపులా అంకెల్లా ఉండే స్ట్రింగ్‌లుంటే పీహెచ్‌పీ వాటిని అంకెలుగా మార్చి పోలుస్తుంది, '012' కాస్తా 12 అవుతుంది. మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇస్తే రకంతో సహా పోలుస్తుంది. ఆ ట్రూ లేని ఇన్_అర్రే ఎక్కడ కనిపించినా అనుమానించండి. పీహెచ్‌పీ 8లో పోలిక రూల్స్ కొంత బాగుపడ్డాయి, 0కీ 'పాలు' అనే మాటకీ పోలిక కుదిరే రోజులు పోయాయి. కానీ ఈ '012' సంగతి ఇప్పటికీ ఇంతే.

అర్రే_సెర్చ్‌కీ అదే ట్రూ కావాలి. పైగా అది కీని తిరిగిస్తుంది, దొరక్కపోతే ఫాల్స్ ఇస్తుంది. '012' మొదటి స్థానంలోనే ఉంది, కాబట్టి వచ్చేది 0. నేరుగా ఇఫ్‌లో పెడితే దొరికినా దొరకలేదనే అనుకుంటుంది. !== ఫాల్స్ అని పోల్చండి.

వెతుకులాట లూప్ లోపల వేలసార్లు జరిగేదైతే ఇన్_అర్రే వాడకండి. అది ప్రతిసారీ మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తుంది. ఒకసారి అర్రే_ఫ్లిప్ చేసి విలువలను కీలుగా మార్చుకుని, ఆ తర్వాత ఆ కీ ఉందా అని ఇస్‌సెట్‌తో అడగండి. లిస్టు ఎంత పెద్దదైనా వేగం దాదాపు తగ్గదు, '012', '12' కూడా కలిసిపోవు.

ఇవాళ రానివాళ్లెవరో కావాలంటే అర్రే_డిఫ్ ఉంది:

```
$అందరూ = ['012', '7', '12', '115', '203'];
$రానివాళ్లు = అర్రే_డిఫ్($అందరూ, $వచ్చినవాళ్లు);
```

12, 203 వస్తాయి. అర్రే_డిఫ్, అర్రే_ఇంటర్‌సెక్ట్, మామూలుగా పిలిచిన అర్రే_యూనిక్ మూడూ స్ట్రింగ్‌లుగా మార్చి అక్షరం అక్షరం పోలుస్తాయి కాబట్టి ఇక్కడ 012 గొడవ లేదు. కానీ కీలు 2, 4గానే మిగులుతాయి. బ్రౌజర్‌కి పంపాలంటే మళ్లీ అర్రే_వాల్యూస్.

ఫారం నుంచి వచ్చింది వచ్చినట్టు నమ్మొద్దు

ఇది చిన్న విషయమే కానీ తప్పనిసరి. ఫారం నుంచి $_పోస్ట్‌లో (ఈ పేరు మాత్రం కోడ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే రాయాలి) వచ్చే అర్రేలో మీరు పెట్టిన ఫీల్డులే ఉంటాయని లేదు. ఎవరైనా 'రేటు' అని అదనపు ఫీల్డు చేర్చి పంపగలరు. దాన్ని అలాగే డేటాబేస్‌లోకి పంపితే ఆ రేటే నమోదవుతుంది.

```
$అనుమతి = అర్రే_ఫ్లిప్(['కోడ్', 'పూట', 'లీటర్లు', 'ఫ్యాట్']);
$శుభ్రం = అర్రే_ఇంటర్‌సెక్ట్_కీ($_పోస్ట్, $అనుమతి) + ['పూట' => 'ఉదయం'];
```

అనుమతి ఉన్న నాలుగు కీలే మిగులుతాయి. పూట అసలు రాకపోతే ఉదయం అని పెట్టుకుంటుంది, ప్లస్ గుర్తు సరిగ్గా పనికొచ్చేది ఇక్కడే. పూట ఫీల్డు ఖాళీ స్ట్రింగ్‌గా వస్తే మాత్రం కీ ఉన్నట్టే లెక్క, కాబట్టి అది మారదు. లీటర్లు నిజంగా అంకెలేనా అన్నది విడిగా చూసుకోవాలి. ఎక్స్‌ట్రాక్ట్ అనే ఫంక్షన్‌ని $_పోస్ట్ మీద ఎప్పుడూ వాడకండి. బయటివాళ్లు పంపిన పేర్లతో మీ స్క్రిప్ట్‌లో వేరియబుల్స్ తయారవుతాయి, ఉన్నవి మారిపోతాయి కూడా.

వరసలో పెట్టడం

సార్ట్ కుటుంబం మిగతా ఫంక్షన్లకి భిన్నం. కొత్త అర్రే ఇవ్వదు, మీరిచ్చిన అర్రేనే మార్చేస్తుంది. తిరిగిచ్చేది ఉత్త ట్రూ. కాబట్టి $అ = సార్ట్($అ) అని రాస్తే మీ అర్రే పోయి ట్రూ మిగులుతుంది.

పేర్లలో ముందుండే అక్షరాలు తెలిస్తే చాలు. ఎ ఉంటే విలువల ప్రకారం వరస పెడుతూ కీలను జతగా ఉంచుతుంది. కే ఉంటే కీల ప్రకారం. ఆర్ ఉంటే పెద్దది ముందు. యూ ఉంటే పోలిక మీరు చెప్పినట్టు. ఏదీ లేని సార్ట్, ఒక్క ఆర్ మాత్రమే ఉన్న ఆర్‌సార్ట్, ఒక్క యూ మాత్రమే ఉన్న యూసార్ట్ కీలను పారేస్తాయి.

ఎక్కువ పాలు పోసిన ఇద్దరు ఎవరు?

```
ఎఆర్‌సార్ట్($మొత్తాలు);
$పైఇద్దరు = అర్రే_స్లైస్($మొత్తాలు, 0, 2, ట్రూ);
```

ఇక్కడ ఆర్‌సార్ట్ వాడితే 11, 8, 0 అని వస్తాయి, ఎవరివో తెలియదు. ఎఆర్‌సార్ట్ వాడి అర్రే_స్లైస్‌లో చివరి ట్రూ మరిచిపోయినా చిక్కే. పూర్ణాంక కీలకు స్లైస్ కొత్త నంబర్లు వేస్తుంది. 115 కాస్తా 0 అవుతుంది, '012' మాత్రం స్ట్రింగ్ కాబట్టి అలాగే ఉంటుంది. మొదటి బహుమతి 0వ నంబర్ రైతుకి ప్రకటిస్తాం.

మొత్తం వరుసలను ఫ్యాట్ ప్రకారం పెట్టాలంటే యూసార్ట్:

```
యూసార్ట్($నమోదులు, ఎఫ్‌ఎన్($అ, $ఆ) => $ఆ['ఫ్యాట్'] <=> $అ['ఫ్యాట్']);
```

చాలా పాత కోడ్‌లలో రెండు విలువలను పోల్చే ఈ <=> గుర్తు బదులు ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి తిరిగిస్తారు. పూర్ణాంకాలకి అది పనిచేస్తుంది. ఫ్యాట్‌కి పనిచేయదు. 6.4లోంచి 6.2 తీసేస్తే 0.2, యూసార్ట్ దాన్ని పూర్ణాంకంగా మార్చుకుంటుంది, అంటే 0, అంటే రెండూ సమానం. గేదె పాల వరుసలు రెండూ ఎలా ఉన్నవి అలాగే మిగులుతాయి. 2015లో వచ్చిన 7.0 నుంచి <=> ఉంది, దాన్నే వాడండి. పెద్దదా కాదా అని ట్రూ, ఫాల్స్ తిరిగిచ్చే పద్ధతికి 8.0 నుంచి వార్నింగ్ వస్తోంది. ఫ్యాట్ సమానంగా ఉన్న వరుసలు ముందున్న క్రమంలోనే మిగలడం కూడా 8.0 నుంచే గ్యారంటీ.

కొత్తగా వచ్చినవి

2024 నవంబర్‌లో వచ్చిన 8.4లో అర్రే_ఫైండ్, అర్రే_ఫైండ్_కీ, అర్రే_ఎనీ, అర్రే_ఆల్ చేరాయి. ఫ్యాట్ 3 కంటే తక్కువున్న నమోదు ఒక్కటైనా ఉందా అని అడగడానికి ఇంతకుముందు ఫిల్టర్ చేసి కౌంట్ చేసేవాళ్లం. అర్రే_ఎనీ మొదటిది దొరకగానే ఆగిపోతుంది. మొదటి, చివరి విలువల కోసం అర్రే_ఫస్ట్, అర్రే_లాస్ట్ 8.5లో వచ్చాయి. అంతకన్నా పాత వెర్షన్ అయితే 7.3 నుంచి ఉన్న అర్రే_కీ_ఫస్ట్‌తో కీ తీసుకుని విలువ అందుకోండి. ఫిల్టర్ చేసిన అర్రేలో [0] అని నేరుగా అడగొద్దు, ఆ కీ ఉండకపోవచ్చు. షేర్డ్ హోస్టింగ్‌లో ఏ వెర్షన్ ఉందో పీహెచ్‌పీవెర్షన్ అనే ఫంక్షన్ చెప్తుంది, రాసే ముందే చూసుకోండి.

తెలుగు పేర్లను అకారాది క్రమంలో పెట్టడం

మామూలు సార్ట్ తెలుగు పేర్లను యూనికోడ్‌లో అక్షరాలకిచ్చిన నంబర్ల ప్రకారం పెడుతుంది. చాలావరకు మన వర్ణమాల క్రమమే వస్తుంది కాబట్టి తేడా వెంటనే కనిపించదు. కానీ యూనికోడ్ ళని ల పక్కనే, వ కంటే ముందు పెట్టింది. మన వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. అందుకని సార్ట్ చేస్తే 'కళ' ముందు, 'కవిత' తర్వాత వస్తాయి. నిఘంటువులో చూస్తే కవిత ముందుంటుంది. ఓటర్ల జాబితానో పెళ్లి పిలుపుల లిస్టో పెద్దదైతే ఇలాంటి పేర్లు ఒక పేజీలో ఉండాల్సినవి ఇంకో పేజీకి పోతాయి, వెతికేవాళ్లకి దొరకవు.

దీనికి ఇంటల్ అనే ఎక్స్‌టెన్షన్‌లో (పీహెచ్‌పీకి అదనంగా తగిలించే భాగంలో) కొలేటర్ అనే క్లాస్ ఉంది. లొకేల్‌గా (భాష, దేశం చెప్పే కోడ్‌గా) ఇంగ్లీషులో టీ, ఈ, అండర్‌స్కోర్, పెద్ద ఐ, పెద్ద ఎన్ ఇవ్వాలి.

```
$క్రమం = న్యూ కొలేటర్('టీఈ_ఐఎన్');
$క్రమం->ఎసార్ట్($పేర్లు);
```

కొలేటర్‌లోనూ సార్ట్, ఎసార్ట్ రెండూ ఉన్నాయి. పేర్లకి రైతు కోడ్‌లు కీలుగా ఉంటే ఎసార్టే వాడండి. పేరు ఒక్కటే కాకుండా మొత్తం వరుసలను మార్చాలంటే యూసార్ట్ కాల్‌బ్యాక్‌లో $క్రమం->కంపేర్ పిలిచి, రెండు పేర్లూ ఇవ్వండి. కొన్ని హోస్టింగ్‌లలో ఇంటల్ ఆఫ్ చేసి ఉంటుంది. అలాంటప్పుడు కొలేటర్ క్లాసే లేదని ఎర్రర్ వస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి ఆన్ చేస్తే సరిపోతుంది.